వీఆర్ పెట్టెతో క్వాంటమ్ ప్రాక్టికల్స్: డిగ్రీ క్లాసులో చేయించే పద్ధతి

స్పెక్ట్రోమీటర్, న్యూటన్ రింగులు, ట్రావెలింగ్ మైక్రోస్కోప్ మన డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో దుమ్ము పట్టి అయినా ఉంటాయి. మోడరన్ ఫిజిక్స్ పేపర్ దగ్గరికి వచ్చేసరికి బల్ల ఖాళీ. వెండి పరమాణువులను శూన్యంలో పంపే స్టెర్న్-గెర్లాక్ పరికరాన్ని అనంతపురంలో ఏ డిగ్రీ కాలేజీ కొంటుంది? బోర్డు మీద రెండు చీలికలు గీసి, అవతల నలుపు తెలుపు గీతలు గీసి, "అర్థమయిందా?" అంటాం. "అయింది మేడమ్" అంటారు. పరీక్షలో అదే బొమ్మ వేస్తారు, మార్కులు పడతాయి.

2025ను ఐక్యరాజ్యసమితి క్వాంటమ్ సంవత్సరంగా ప్రకటించింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ మాట కూడా వచ్చింది. దాంతో మేనేజ్‌మెంట్లకు ఊపొచ్చింది, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు, అంటే కళ్లకు తగిలించుకుంటే చుట్టూ కంప్యూటర్ బొమ్మల లోకం కనిపించే పెట్టెలు కొంటున్నారు. కొన్నాక ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుని "అబ్బా" అనుకుంటారు, రెండో వారానికి అది బీరువాలోకి పోతుంది. కొన్న వస్తువు బీరువా ఎక్కకుండా ఉండాలంటే క్లాసు ఎట్లా నడపాలో నాకు తెలిసిన మేరకు రాస్తున్నా. నాది ఒకటే పట్టు: పెట్టె తలకెక్కేముందు పిల్లల చేత ఏం జరుగుతుందో రాయించాలి, తల నుంచి దిగగానే లెక్క వేయించాలి. పెట్టెలో ఉండేది ఆ రెంటి మధ్య పది నిమిషాలు.

ముందు సామాన్ల సంగతి. హెడ్‌సెట్ కొనే స్తోమత లేకపోతే ఫోన్ పెట్టుకునే పెట్టె చాలు. గూగుల్ 2014లో తెచ్చిన కార్డ్‌బోర్డ్ నమూనా ఇది. 2021లో గూగుల్ దాన్ని అమ్మడం ఆపేసింది గానీ డిజైన్ అంతకు ముందే అందరికీ ఇచ్చేసింది కాబట్టి ప్లాస్టిక్ పెట్టెలు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెట్టె కంటే ముందు చూసుకోవలసింది పిల్లల ఫోన్లు. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో గైరోస్కోప్ (ఫోన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సర్) ఉండదు, అది లేకపోతే తల తిప్పినా లోపల బొమ్మ తిరగదు. యూట్యూబ్‌లో ఏదైనా 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్ చేతిలో పట్టుకుని గుండ్రంగా తిరగమనండి. వీడియో కూడా తిరిగితే ఆ ఫోన్ పనికొస్తుంది. క్లాసులో పనికొచ్చే ఫోన్లు నాలుగైదు దొరికినా చాలు. ఫోన్ అక్కర్లేని విడి హెడ్‌సెట్ ఉంటే ఒక్కటి సరిపోతుంది. అది పెట్టుకున్నవాళ్లు చూసేది ప్రొజెక్టర్ మీద అందరికీ కనపడేట్టు కలుపుకోండి.

మన ఎండల్లో ఏప్రిల్ నెల మధ్యాహ్నం పూట పెట్టెలో ఫోన్ పెడితే కాసేపటికే కాలిపోయి, స్క్రీన్ మసకబారి, ఆ తర్వాత ఆగిపోతుంది. ఈ ప్రాక్టికల్ పొద్దున మొదటి గంటల్లోనే వేసుకోండి. స్క్రీన్ వెలుతురు తగ్గించి ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. లేకపోతే సరిగ్గా డిటెక్టర్ ఆన్ చేసే సమయానికి వాళ్ల నాయన ఫోన్ చేస్తాడు, ఎలక్ట్రాన్ల మధ్య ఆయన ఫొటో ప్రత్యక్షమవుతుంది. యాప్ ముందురోజే డౌన్‌లోడ్ చేయించి నెట్ లేకుండా నడుస్తుందో లేదో చూసుకోండి. తలనూనె లెన్సుకు అంటితే అంతా పొగమంచే. పెట్టె నుదుటికి తగిలేచోట కాగితపు రుమాలు మడిచి పెట్టి, మనిషి మనిషికీ మార్చండి.

కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. నిలబెట్టి చేయించొద్దు. తిరిగే స్టూల్ మీద కూర్చోబెట్టండి, టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లను ముందు క్యాంటీన్‌కు పంపండి. మూర్ఛ, మైగ్రేన్ ఉన్నవాళ్లకు పెట్టె ఇవ్వనే వద్దు. ఆ సంగతి అందరి ముందూ అడగకుండా, "పెట్టె వద్దనుకునేవాళ్లు రాసేపని తీసుకోవచ్చు" అనండి చాలు. నేను ముగ్గురిని ఒక జట్టు చేస్తాను. ఒకరు పెట్టె పెట్టుకుంటారు, ఒకరు యాప్ బటన్లు చెప్తారు, ఒకరు రాస్తారు. మార్కులు ముగ్గురికీ ఒకటే.

ఇక యాప్ ఎంచుకోవడం. బొమ్మ ఎంత అందంగా ఉందనేది చూడకండి. మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, ఎలక్ట్రాన్ తెరకు తగిలి చుక్క పడిన చోటు అంకెల్లో తెలుస్తుందా, స్కేల్ ఉందా? లేకపోతే అది సినిమా, ప్రయోగం కాదు. రెండు, యాదృచ్ఛికత నిజమైనదేనా? రెండు ఫోన్లలో ఒకేసారి మొదలుపెట్టి మొదటి పది చుక్కలు పోల్చి చూడండి. రెంటిలోనూ అవే చోట్ల అదే వరసలో పడితే, ఎవరో ముందే రాసిపెట్టిన జాబితాను యాప్ వల్లె వేస్తోందన్నమాట. మూడు, ఎలక్ట్రాన్ ఏ చీలికలోంచి వెళ్లిందో పట్టే డిటెక్టర్‌కు విడిగా స్విచ్ ఉందా? ఈ మూడోది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను. ఎలక్ట్రాన్‌ను నీలంరంగు గోలీలా చూపించి, అది ఫలానా చీలికలోంచి దూరి వెళ్లినట్టు దారి గీసే యాప్‌లు కూడా ఉంటాయి. ఆ దారి గీతను ఆపే వీలుంటే ఆపండి, లేకపోతే ఆ యాప్ తీసేయండి. మనం ఏది లేదని చెప్పబోతున్నామో అదే అది చూపిస్తోంది.

జోడు చీలికల ప్రయోగంతో మొదలుపెట్టండి. రికార్డులో ఎడమ పేజీ మీద ముందు రాయించండి: "ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపితే తెర మీద ఏం కనపడుతుంది?" ఎక్కువమంది రెండు పట్టీలు గీస్తారు. పుస్తకం చదివి వచ్చినవాళ్లు గీతలు గీస్తారు, కానీ పది ఎలక్ట్రాన్లకే గీతలు వచ్చేస్తాయనుకుంటారు. ఎవరినీ దిద్దకండి. పెన్నుతోనే రాయాలి, తర్వాత చెరపకూడదు. అదొక్కటే నియమం.

పెట్టె పెట్టుకున్నవాళ్లు చుక్క పడిన ప్రతిసారీ స్కేల్ మీద దాని చోటు బయటికి చదవాలి: "ఎడమ మూడు, కుడి ఏడు, కుడి రెండు..." రాసేవాళ్లు గ్రాఫ్ పేపర్ మీద ఆ అంకెకు నేరుగా పైన ఒక చుక్క పెట్టాలి. అదే అంకె మళ్లీ వస్తే దాని మీద ఇంకో చుక్క. జట్టుకు నలభై చుక్కలు. వేగం పెంచే బటన్ ముట్టనివ్వకండి, ఇక్కడ విసుగు పుట్టాలి. నలభై అయ్యాక ఏ జట్టు పేపర్ చూసినా ఏమీ తోచదు, చిందరవందర. "మాది తప్పు వచ్చింది మేడమ్" అని ముఖం వేలాడేసుకుంటారు. అప్పుడు పది జట్ల పేపర్లూ తెచ్చి, బోర్డు మీద ఒకే గ్రాఫ్‌లో కలపండి. నాలుగు వందల చుక్కలు చేరేసరికి గుట్టలు, వాటి మధ్య పల్లాలు తేలతాయి. ఏ జట్టూ చూడని గీతలు క్లాసంతా కలిస్తే వచ్చాయి. సంభావ్యత అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఘడియ సిలబస్‌లో ఎక్కడా దొరకలేదు. ఒక ఎలక్ట్రాన్ ఎక్కడ పడుతుందో చెప్పలేం, వందల ఎలక్ట్రాన్లు ఎట్లా పరుచుకుంటాయో ముందే చెప్పగలం.

తర్వాత డిటెక్టర్ ఆన్ చేయించండి. గీతలు పోయి ఒకే ముద్దలా పరుచుకుంటుంది. ఇక్కడే వీఆర్ పిల్లలను దారి తప్పిస్తుంది. పెట్టెలో వాళ్లు చీలికల వైపు "చూస్తున్నారు", గీతలు పోయాయి. కాబట్టి తాము చూడటం వల్లే పోయాయని మనసులో నాటుకుంటుంది. యూట్యూబ్ వీడియోలు ఈ మాటను ఇప్పటికే నూరిపోసి ఉంటాయి. ఒకసారి ఒకమ్మాయి పెట్టె తియ్యకుండానే అడిగింది: "మేడమ్, నేను కండ్లు మూసుకుంటే మల్లా గీతలు వస్తాయా?"

"మూసుకునేదెందుకమ్మా, వెనక్కి తిరుగు" అన్నాను.

స్టూల్ మీద వెనక్కి తిరిగింది. చీలికలు, తెర అన్నీ ఆమె వీపు వెనక్కి పోయాయి. డిటెక్టర్ ఆన్‌లోనే ఉంది. బటన్లు చెప్పే అబ్బాయి రెండు వందల ఎలక్ట్రాన్లు పంపాడు. "ఇప్పుడు తిరుగు." తిరిగి చూసింది. "గీతలు లేవు మేడమ్." ఇప్పుడు డిటెక్టర్ ఆపి, ఆమెను చీలికల వైపే రెప్ప వేయకుండా చూస్తూ ఉండమన్నాం. గీతలు వచ్చాయి. "అయితే నేను చూసేదానికీ దీనికీ సంబంధమే లేదు కదా మేడమ్!" అంది, కొంచెం కోపంగానే.

బోర్డు మీద ఎంత గీసినా రాని పాఠం ఇది, తల తిప్పగలిగే వీఆర్‌లోనే వస్తుంది. అందుకే డిటెక్టర్‌కు విడి స్విచ్ ఉండాలన్నాను. కొన్ని యాప్‌లు నిజంగానే మీ చూపునే డిటెక్టర్‌గా వాడుకుంటాయి, వాటిని కొనొద్దు. ఈ నాలుగు కలయికలకూ (డిటెక్టర్ ఉండి చూడటం, ఉండి చూడకపోవడం, లేకుండా చూడటం, లేకుండా చూడకపోవడం) ఒక పట్టిక గీయించండి. ఏ దారిన వెళ్లిందో ఆ ఆనవాలు డిటెక్టర్‌లో పడితే చాలు, దాన్ని ఏ మనిషీ చదవక్కర్లేదు, గీతలు పోతాయి. డిటెక్టర్ బలం తగ్గించే స్లయిడర్ యాప్‌లో ఉంటే మెల్లగా తగ్గించి చూడమనండి. ఆనవాలు ఎంత అస్పష్టమైతే గీతలు అంత స్పష్టంగా తేలతాయి.

క్లాసు ముగిసేలోపు అసలు ఫొటో ఒకటి చూపించాలి. 1989లో జపాన్‌లో హిటాచి ప్రయోగశాలలో అకిరా తోనోమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి, చుక్క చుక్కగా గీతలు ఏర్పడటాన్ని చిత్రీకరించింది. వాళ్లు వాడినది రెండు చీలికలు కాదు, ఎలక్ట్రాన్ బైప్రిజం, అంటే విద్యుదావేశం ఉన్న సన్నని తీగతో ఎలక్ట్రాన్ల దారిని రెండుగా చేసి మళ్లీ కలిపే ఏర్పాటు. మన ల్యాబ్‌లో సోడియం దీపంతో చేసే బైప్రిజం ప్రయోగానికి అది దగ్గరి చుట్టమే. పెట్టెలో చూసింది కేవలం ప్రోగ్రామ్ అని, ఫొటోలో ఉన్నది నిజంగా జరిగిందని తేడా పిల్లలకు తెలియాలి. వాళ్లు బోర్డు మీద కలిపిన గ్రాఫ్‌ను ఆ ఫొటో పక్కన పెట్టి చూడమనండి.

రెండో వారం స్టెర్న్-గెర్లాక్. ఇక్కడ వీఆర్‌కు అసలైన పని ఉంది. అయస్కాంతాన్ని చేత్తో పట్టి తిప్పడం కాగితం మీద సాధ్యం కాదు. మొదటి అయస్కాంతం నిలువుగా పెడితే వెండి పరమాణువులు పైకి సగం, కిందికి సగం చీలతాయి. పైకి వెళ్లినవాటినే రెండో నిలువు అయస్కాంతంలోకి పంపితే అన్నీ పైకే. ఇంతవరకు అందరూ సరిగ్గానే ఊహిస్తారు. ఇప్పుడు మధ్యలో అడ్డంగా తిప్పిన అయస్కాంతం పెట్టి, కుడికి వెళ్లినవాటిని మాత్రం తీసుకుని, చివర మళ్లీ నిలువు అయస్కాంతంలోకి పంపితే? రాయించండి. "పైకే, ముందే వడపోసినాం కదా" అని రాస్తారు. పెట్టెలో చూస్తే సగం కిందికి వస్తాయి. ఆ నిమిషంలో క్లాసులో గోల లేస్తుంది, లేవనివ్వండి. అడ్డం దిక్కులో కొలిచేసరికి నిలువు దిక్కు సమాచారం చెరిగిపోయిందనే మాటను వాళ్లంతట వాళ్లు ఏదో ఒక రూపంలో అనేదాకా ఆగండి.

తర్వాత కోణాల పట్టిక. పైకి వెళ్లిన పరమాణువులను, ఆ దిక్కు నుంచి కొంత కోణం తిప్పిన అయస్కాంతంలోకి వంద చొప్పున పంపాలి. ఎన్ని "పైకి" వస్తాయన్నది సగం కోణపు కొసైన్ వర్గం చెప్తుంది: 60 డిగ్రీలకు 75, 90కి 50, 120కి 25, 180కి సున్నా. జట్లు తెచ్చే అంకెలు 53, 46, 71 ఇట్లా ఉంటాయి. "యాబై రాలేదు మేడమ్, తప్పా?" అంటారు. వందలో యాభై రావలసిన చోట అయిదు అటూ ఇటూ ఊగడం మామూలే, పది దాకా పోయినా ఆశ్చర్యం లేదు. ప్రతి చోటా కచ్చితంగా 50, 75, 25 రాసి తెచ్చిన జట్టును మాత్రం పక్కకు పిలిచి మాట్లాడండి. సున్నా డిగ్రీల దగ్గర వందకు వంద రావాలి, అక్కడ ఊగిసలాటే ఉండదు. ఎందుకు ఉండదో వైవాలో అడగదగ్గ ప్రశ్న.

పెట్టెలో చీలిక జానెడు వెడల్పున కనపడుతుంది. 1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ చూసిన చీలిక దాదాపు 0.2 మిల్లీమీటర్లు. ఈ అంకె తప్పకుండా చెప్పండి, గ్రాఫ్ పేపర్ మీద మిల్లీమీటరు గడిని అయిదు ముక్కలు చేసి ఒక ముక్క చూపించండి. ఆ ఏడాది ఫిబ్రవరి 8న గెర్లాక్ పరమాణు నమూనా ఇచ్చిన నీల్స్ బోర్‌కు పంపిన పోస్ట్‌కార్డ్ ఫొటో నెట్‌లో దొరుకుతుంది. అందులో రెండు చక్కటి చుక్కలు ఉండవు, కొంచెం తెరిచిన పెదవుల్లాంటి మరక ఉంటుంది. అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా మారదు కాబట్టి అంచుల్లో చీలిక తగ్గిపోతుంది. యాప్ ఆ సంగతి దాచేసి నున్నగా చూపిస్తుంది. ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు తనంతట తనకే ఉండే కోణీయ ద్రవ్యవేగం) అనే ఊహ 1925లో గానీ రాలేదని, అంటే మూడేళ్ల పాటు ఆ మరకకు సరైన వివరణే లేదని చెప్తే పిల్లలు కుదురుగా వింటారు.

మూడోది హైడ్రోజన్ ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్ దొరికే అవకాశాన్ని చుక్కల మేఘంగా చూపించే బొమ్మలు. పుస్తకంలో డంబెల్ బొమ్మ చూసి చూసి అలవాటైన పిల్లలు మేఘం లోపలికి వెళ్లి నిలబడటం బాగుంటుంది. ఇక్కడ ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: "ఎన్ని ఎలక్ట్రాన్లు కనపడుతున్నాయి?" వేలు అంటారు. ఒక్కటే. ఒకేలా తయారుచేసిన వేల పరమాణువుల్లో ఒక్కోదాన్ని ఒక్కోసారి కొలిస్తే దొరికిన చోట్లు ఆ చుక్కలు. ఇది చెప్పకుండా పెట్టె ఇస్తే హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ల గుంపు ఉందనుకుని ఇంటికి పోతారు.

అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్న 1ఎస్ మేఘంలో చుక్కలు కేంద్రకం దగ్గరే అన్నిటికంటే ఒత్తుగా ఉంటాయి. కేంద్రకం నుంచి ఎంత దూరంలో ఎలక్ట్రాన్ దొరుకుతుందో చూపే పుస్తకంలోని గ్రాఫ్ శిఖరం మాత్రం 0.0529 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దీన్నే బోర్ వ్యాసార్థం అంటారు. ఏది నిజం? చెనిక్కాయ పండించే ఇంటి పిల్లవాడికి ఇది ఇట్టే ఎక్కుతుంది. బోరుబావి మొదట్లో చెట్లు ఒత్తుగా ఉన్నంత మాత్రాన కాయల మూటలన్నీ ఆ రెండు గజాల్లోంచే రావు, దూరం పోయేకొద్దీ నేల పెరుగుతుంది. కేంద్రకం చుట్టూ గీసిన పొరల ఘనపరిమాణం కూడా అట్లే పెరుగుతుంది. మాటలతో వదలకుండా లెక్క పెట్టించండి. బోర్ వ్యాసార్థమంత గోళంలో వందకు 32 చుక్కలు, దానికి రెట్టింపు వ్యాసార్థంలో 76 చుక్కలు ఉండాలి. సమాకలనం చేసి ఈ రెండు అంకెలూ బోర్డు మీద తెప్పించవచ్చు. యాప్ ఇంకో లెక్క చూపిస్తే అది బొమ్మలు గీసినవాళ్లు చేసిన యాప్, ఫిజిక్స్ తెలిసినవాళ్లు చేసింది కాదు.

2పి మేఘంలో మధ్య తలంలో నిలబడితే చుట్టూ ఖాళీ. "ఈ పక్క నుంచి ఆ పక్కకు ఎట్ల పోతుంది మేడమ్?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. పోవడం అనేదే లేదు, తరంగ ప్రమేయం రెండు వైపులా ఒకేసారి వ్యతిరేక గుర్తులతో పరుచుకుని ఉంది. ఈ జవాబుకు ఎవరూ తృప్తి పడరు. పడక్కర్లేదు కూడా.

కాంతి విద్యుత్ ఫలితానికి (కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం) వీఆర్ వాడకండి. అందులో మూడు కొలతల్లో చూడవలసిందేమీ లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్ మామూలు కంప్యూటర్‌లో ఉచితంగా నడుస్తుంది, కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లోనూ ఈ ప్రయోగం ఉంది. సోడియం పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. 400 నానోమీటర్ల కాంతి వేస్తే ఫోటాన్‌కు 3.1, కాబట్టి నిరోధక పొటెన్షియల్ (బయటికి వచ్చే ఎలక్ట్రాన్లను పూర్తిగా ఆపే వోల్టేజీ) 0.8 వోల్టుల దగ్గర రావాలి. 700 నానోమీటర్ల ఎరుపుకు 1.77 మాత్రమే, తీవ్రత ఎంత పెంచినా ఒక్క ఎలక్ట్రానూ రాదు. ఎన్.పి.కుంట సోలార్ ప్లాంట్ చూసి వచ్చిన పిల్లలు అక్కడ జరిగేదీ ఇదే అంటారు. కాదని చెప్పాలి, ప్యానెల్‌లో ఎలక్ట్రాన్ సిలికాన్ వదిలి బయటికి రాదు, లోపలే విడుదలై కదులుతుంది.

వీటితో పాటు చేత్తో ముట్టుకునే ప్రయోగం ఒకటి ఉండి తీరాలి. పాత ఎల్‌సీడీ మానిటర్ రిపేరు షాపులో పారేసేది దొరికితే దాని ముందున్న పోలరాయిడ్ షీటు మూడు ముక్కలు చేసుకోండి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి పెడితే చీకటి. మధ్యలో మూడోది ఏటవాలుగా దూర్చితే వెలుతురు తిరిగొస్తుంది. స్టెర్న్-గెర్లాక్‌లో మధ్య అయస్కాంతం చేసిన పనికి ఇది తోబుట్టువు. అక్కడ సగం కోణం, ఇక్కడ పూర్తి కోణం, అంతే తేడా.

రికార్డు విషయంలో గట్టిగా ఉండండి. "పరికరాలు" అన్న చోట యాప్ పేరు, వెర్షన్, ఫోన్ మోడల్ రాయాలి, ఎలక్ట్రాన్ గన్ అని రాయకూడదు. పది మార్కులైతే నాలుగు ముందు రాసిన ఊహకు ఇస్తాను. ఊహ సరైనదా కాదా అని చూడను, కారణం రాశారా లేదా అని చూస్తాను. మూడు పట్టికకు, గ్రాఫ్‌కు. మిగిలిన మూడు ఒక ప్రశ్నకు: "ఈ యాప్ చూపించిన వాటిలో నిజ ప్రయోగంలో కనపడనిది ఏది?" మంచి జవాబులు వస్తాయి. ఎలక్ట్రాన్ రంగు, తగిలినప్పుడు వచ్చే శబ్దం, గాలి లేని గొట్టంలో మనం నిలబడి ఉండటం అని రాస్తారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "ఇది ప్రాక్టికల్ ఎట్లా అవుతుంది?" అని అడిగే అవకాశం ఉంది, ఆ మూడు మార్కుల పేజీ తెరిచి ఆయన చేతికి ఇవ్వండి.